‘నచ్చడంతే’ అన్న ఓటరు జవాబును ఏ గడిలో రాయాలి?

పూర్ణామార్కెట్ వీధి | సోమవారం, ఉదయం 7.40

అందరికీ నమస్తే. విశాఖ దక్షిణం నియోజకవర్గంలో ఇంటింటి సర్వేకి ప్రశ్నావళి తయారవుతోంది. శాంపిల్ 400 మంది. 11వ ప్రశ్న: ‘ఈ అభ్యర్థుల్లో మీకు అస్సలు నచ్చనివాడు ఎవరు?’ 12వ ప్రశ్న: ‘ఎందుకు నచ్చడు?’

11కి జనం టక్కున పేరు చెప్పేస్తారు. 12 దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోతుంది. ‘ఏటో బాబూ, నచ్చడంతే’, ‘మొకం సూస్తే మనసొప్పదు’, ‘ఆడి మాట నాకాడ ఎత్తకు’. ఇలాంటివే వస్తాయి. ట్యాబ్‌లో ఉన్న గడులేమో ఏడే: అవినీతి, పనితీరు, ప్రవర్తన, పార్టీ, స్థానికుడు కాదు, ఇతరం, తెలియదు. సర్వే చేసే పిల్లలు తోచిన గడి నొక్కి ముందుకు పోతున్నారు.

ఇలాంటి జవాబులన్నీ ‘తెలియదు’లో వేసెయ్యాలా? అసలు 12వ ప్రశ్న తీసెయ్యడమే మేలా? కారణం చెప్పలేని ఓటరు అయిష్టానికి లెక్కలో ఎంత విలువ ఇవ్వాలి? ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

సర్వేపలక | సోమవారం, ఉదయం 9.15

12 తీసెయ్యకండి. ముందు ఆ ‘తెలియదు’ గడిని మూడు ముక్కలు చెయ్యండి. అందులో ముగ్గురు వేర్వేరు మనుషులు ఇరుక్కుని ఉన్నారు.

మొదటి మనిషికి ఆ అభ్యర్థి ఎవరో నిజంగానే తెలీదు. పేరు విన్నాడు, అంతవరకే. రెండో మనిషికి బాగా తెలుసు, గట్టిగా పడదు కూడా, కానీ అడిగితే నోటికి మాట రావడం లేదు. మూడో మనిషికి కారణం నాలుక చివరే ఉంది, మీకు చెప్పడు. పక్కింటివాళ్లు వింటున్నారని ఒక భయం, మీరు ఏ పార్టీ తరఫున వచ్చారోనని ఇంకో భయం. వీళ్లకు 98, 97, 99 అని వేర్వేరు కోడ్‌లు ఇవ్వండి. ఈ ముగ్గురినీ ఒకే సంచిలో పోస్తే ఆ సంచి ఎందుకూ పనికిరాదు.

గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. 11కి ముందే అభ్యర్థి పార్టీ ఏది, గుర్తు ఏది అని ఒక చిన్న ప్రశ్న పెట్టండి. అది కూడా చెప్పలేకపోతే 98. గొంతు తగ్గించడం, రోడ్డు వైపు చూడటం, ‘ఇంతకీ మీరెవరి మనుషులు?’ అని తిరిగి అడగడం, ఇవి 99కి గుర్తులు. మిగిలినవాళ్లు 97. మీకు నిజంగా కావలసింది ఈ 97 వాళ్లే.

ఇప్పుడు మీ పిల్లలు చేస్తున్న తప్పు సంగతి. ఓటరు ఆగగానే మూడు సెకన్లు కూడా ఓర్చుకోలేక ‘అవినీతా అండీ? పొగరా అండీ?’ అని అందిస్తారు. ఓటరు ‘ఆఁ, అదే’ అంటాడు. అక్కడితో ఆ ఫారం పాడైనట్టే. ఆ జవాబు సర్వే చేసినవాడిది, ఓటరుది కాదు. శిక్షణలో ఒక్కటే నేర్పండి: ప్రశ్న చదివాక మనసులో ఐదు లెక్కపెట్టాలి. ఆ తర్వాత అనడానికి అనుమతి ఉన్న మాటలు రెండే: ‘ఇంకా?’, ‘అంటే ఎలా?’ మూడో మాట అనకూడదు.

రెండో తప్పు రాతలో జరుగుతుంది. ‘ఆడి మాట నాకాడ ఎత్తకు’ అన్నదాన్ని ‘అభ్యర్థి పనితీరు పట్ల అసంతృప్తి’ అని రాస్తారు. ఎక్కడుంది ఆ మాటలో పనితీరు? ఓటరు ఏ యాసలో ఎలా అంటే అక్షరం మార్చకుండా అలాగే రాయాలి. గడులు వేసే పని సాయంత్రం ఆఫీసులో, ఇద్దరు విడివిడిగా చెయ్యాలి. పదింట ఒక ఫారం ఇద్దరికీ ఇచ్చి పోల్చి చూడండి. ఇద్దరి గడులు ఎంతవరకు కలిశాయో చెప్పే అంకె (కప్పా విలువ అంటారు, పూర్తిగా కలిస్తే 1) 0.7 దాటకపోతే మీ గడుల నిర్వచనాలే సరిగా లేవని అర్థం.

గాజువాక గేటు | సోమవారం, ఉదయం 10.02

ఇంత శ్రమ దేనికండీ? కారణం చెప్పలేనివాడికి కారణం లేనట్టే. మా వైపు స్టీల్‌ప్లాంట్ కార్మికుణ్ణి అడిగి చూడండి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ పెట్టుబడుల ఉపసంహరణకు ఆమోదం చెప్పిందని తేదీతో సహా చెబుతాడు. ప్లాంటుకి సొంత ఇనుప ఖనిజ గనులు లేకపోవడం వల్ల టన్ను మీద ఎలా నష్టం వస్తుందో చెబుతాడు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతాడు. కడుపు మండినవాడికి మాటలు అవే వస్తాయి. ‘మొహం నచ్చలేదు’ అన్నవాడి మాటని దీనితో సమానంగా లెక్కేస్తే అది కడుపు మండినవాడికి అన్యాయం.

మనసు మాష్టారు | సోమవారం, మధ్యాహ్నం 1.30

గేటు గారూ, మీ కోపంలో న్యాయం ఉంది. కానీ మీరు చెప్పింది ఒక నిర్ణయం మీద వ్యతిరేకత, ఇక్కడి ప్రశ్న మనిషి మీద అయిష్టం. అదే కార్మికుణ్ణి రెండో ప్రశ్న అడగండి: ‘నిలబడ్డ ముగ్గురూ ప్రైవేటీకరణ వద్దనే అంటున్నారు కదా, అందులో ఈయనే ఎందుకు పడడు?’ తేదీలూ టన్నులూ అక్కడితో ఆగిపోతాయి. ఆయన కూడా ‘ఏమో, నమ్మకం లేదు’ అనే అంటాడు.

దీనికి కారణం మనిషి జ్ఞాపకం పనిచేసే తీరు. కిరాణా కొట్టులో ఖాతా ఉన్న ఇల్లాలిని ‘బాకీ ఎంత?’ అని అడగండి, వెంటనే చెబుతుంది. ‘ఏ రోజు ఏం తెచ్చారు?’ అంటే చెప్పలేదు. అలా చెప్పలేనంత మాత్రాన బాకీ అబద్ధం అవుతుందా? ఓటరు మనసులో ఒక్కో అభ్యర్థికి ఇలాంటి ఖాతా ఒకటి నడుస్తూ ఉంటుంది. టీవీలో ఒక మాట విన్నాడు, కొంచెం తగ్గించాడు. వీధిలో డ్రైనేజీ పని చూశాడు, కొంచెం పెంచాడు. మొత్తం మిగులుతుంది, పద్దులు చెరిగిపోతాయి. అమెరికాలో మిల్టన్ లాడ్జ్, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన పరిశోధన చెప్పింది ఇదే: అభ్యర్థి మీద ఓటరు అభిప్రాయం వార్త విన్నప్పుడే ఏర్పడుతుంది, ఆ వార్త మాత్రం తర్వాత గుర్తుండదు. మీరు ‘ఎందుకు’ అని అడిగేసరికి ఆ పద్దు పోయి చాలా కాలమైంది.

ఇంకో సంగతి. పద్దు గుర్తులేనప్పుడు ‘ఎందుకు’ అని గుచ్చి గుచ్చి అడిగితే మనిషి ఊరుకోడు, అప్పటికప్పుడు ఒక కారణం కుట్టేస్తాడు. అబద్ధమాడాలని కాదు, తను చెప్పేది నిజమనే నమ్ముతాడు. నిస్బెట్, విల్సన్ 1977లో రాసిన పత్రంలో ఒక ప్రయోగం ఉంది. దుకాణంలో నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టి ఏది బాగుందని అడిగారు. నాలుగూ ఒకే రకం, ఒకే నాణ్యత. జనం కుడి చివరి జతను, ఎడమ చివరి దానికంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే అల్లిక బాగుందన్నట్టు చెప్పారు. పెట్టిన చోటు వల్ల ఎంచుకున్నారా అంటే దాదాపు అందరూ కాదన్నారు.

కాబట్టి సర్వేలో ‘కారణం చెప్పిన’ గడులన్నీ నిజమని, 97 ఒక్కటే ఉత్తిదని అనుకోకండి. ‘ఏమోనండి, నచ్చడంతే’ అన్నవాడు కొన్నిసార్లు అందరికంటే నిజాయితీగా జవాబిచ్చినవాడు అవుతాడు.

సీతమ్మధార నీడ | సోమవారం, మధ్యాహ్నం 2.10

మాష్టారూ, మొహం చూసి నచ్చకపోవడం కూడా ఈ ఖాతాలోకే వస్తుందా, అది వేరా?

మనసు మాష్టారు | సోమవారం, మధ్యాహ్నం 2.45

అది వేరు. ఖాతా తెరవకముందే పడిపోయే మొదటి అంకె అది. 2005లో అలెగ్జాండర్ టొడొరోవ్ బృందం అమెరికా సెనేట్ అభ్యర్థుల ఫొటోలను, వాళ్లెవరో తెలియని వాళ్లకు ఒక్క సెకను చూపించి ‘ఇద్దరిలో ఎవరు సమర్థుడిలా ఉన్నారు?’ అని అడిగింది. జనం చూపించిన మొహాలు సుమారు 70 శాతం పోటీల్లో గెలిచినవాళ్లవే. మన దగ్గర ఫ్లెక్సీలో మీసం మెలేసి చెయ్యి ఊపే ఫొటో ఎవరిది, చేతులు జోడించిన ఫొటో ఎవరిది అన్నదానికి కూడా కొంత బరువు ఉండొచ్చు. కాబట్టి సర్వేలో ఫొటో కార్డులు చూపించేటట్టయితే అందరివీ ఒకే కొలతలో, ఒకే వెలుతురులో, వెనకాల ఒకే రంగుతో ఉండాలి. అలా దొరక్కపోతే ఫొటో లేకుండా పేరు మాత్రమే పెట్టండి.

తగరపువలస దారి | సోమవారం, రాత్రి 8.20

గడుల్లో ‘స్థానికుడు కాదు’ అని ఉంది చూడండి, దాంతో జాగ్రత్త. విశాఖలో ఇది చేతికి అందుబాటులో ఉండే కారణం. చెప్పినా ఎవరూ తప్పు పట్టరు. కానీ ఈ ఊరి చరిత్ర చూడండి. పార్లమెంటుకి 1996, 1998లో టి.సుబ్బరామిరెడ్డి, 2004లో నేదురుమల్లి జనార్దనరెడ్డి గెలిచారు. ఇద్దరిదీ నెల్లూరు జిల్లా. 2009లో పురందేశ్వరి బాపట్ల నుంచి వచ్చి ఇక్కడ గెలిచారు. నాన్‌లోకల్ అన్న మాట అప్పుడూ వినపడింది. దాని ఒక్కదాని వల్లే ఓడిపోవాల్సి ఉంటే వీళ్లెవరూ గెలవకూడదు.

అందుకే ఆ జవాబు వచ్చినప్పుడు కింద ఇంకో ప్రశ్న కలపండి: ‘ఇంతకు ముందు బయటి జిల్లా నుంచి వచ్చినవాళ్లకి ఎప్పుడైనా ఓటేశారా?’ వేశానంటే, నాన్‌లోకల్ అన్నది అయిష్టం పుట్టాక వెతుక్కున్న మాట. వెయ్యలేదంటే అసలు కారణమే అయ్యుండొచ్చు.

‘పొగరు’ అన్న మాట కూడా అంతే, ఒక్క గడిలో ఇమడదు. విడదీసి అడిగితే లోపల ఒక్కొక్కరికి ఒక్కో సంగతి కనపడుతుంది. కారు అద్దం దించి పలకరించడు. ఫోన్ చేస్తే ఎత్తడు, పీఏ ఎత్తుతాడు. పెద్దవాళ్లని నువ్వు అంటాడు. ఇంట్లో మనిషి పోతే పరామర్శకు రాలేదు. ఈ ఆఖరిది మన వైపు చాలా గట్టిది. ‘సావుకి రానోడు ఓటుకొచ్చినాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. దాన్ని ‘ప్రవర్తన’ అని రాసుకుంటే అభ్యర్థికి గానీ పార్టీకి గానీ ఏం అర్థమవుతుంది?

సర్వేపలక | సోమవారం, రాత్రి 9.30

దారి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక 12వ ప్రశ్న ఎలా మార్చాలో చెబుతాను. ‘ఎందుకు’ అన్న మాట పూర్తిగా తీసెయ్యండి. దాని చోట నాలుగు ప్రశ్నలు, ఇదే వరసలో:

12ఏ: ఎప్పటి నుంచి పడటం లేదు?
12బి: అలా అనిపించింది ఎక్కడ? టీవీలోనా, ఫోన్‌లోనా, ఎదురుగా చూసినప్పుడా, ఎవరైనా చెప్పగానా?
12సి: ఇదే పార్టీ వేరే మనిషిని నిలబెడితే వేస్తారా? ఇదే మనిషి వేరే పార్టీ నుంచి నిలబడితే వేస్తారా?
12డి: ఏం చేస్తే మీ మనసు మారొచ్చు?

12సి అన్నిటికంటే విలువైనది. పార్టీ ఉంచి మనిషిని మారిస్తే వేస్తాను, మనిషిని ఉంచి పార్టీ మారిస్తే వెయ్యను అంటే అయిష్టం మనిషి మీద. తిరగేసి చెబితే పార్టీ మీద. రెండింటికీ వెయ్యనంటే రెండూ కలిసిపోయాయి, విడదీయలేం. రెండింటికీ వేస్తానంటే ఆ ఓటరుకి అంత అయిష్టమేమీ లేదు, 11కి మొహమాటంతో ఏదో పేరు చెప్పాడు. ఒక్క కారణం కూడా అడగకుండానే కారణం ఏ దిక్కున ఉందో తెలిసిపోతుంది.

12ఏకి ‘మొన్న ఆ గొడవ జరిగినప్పట్నించి’ అని ఒక కాలం చెబితే పద్దు ఇంకా బతికే ఉన్నట్టు, అక్కడ ‘అంటే ఎలా?’ అనొచ్చు. ‘ముందు నుంచీ అంతే’ అంటే పద్దు చెరిగిపోయింది, తవ్వకండి. తవ్వితే మాష్టారు చెప్పిన మేజోళ్ల కథే అవుతుంది.

గుర్తు ప్రభావం తేల్చుకోవాలంటే శాంపిల్‌ని రెండు సగాలు చెయ్యండి. 200 మందికి పేర్లు మాత్రమే, 200 మందికి పేరుతో పాటు గుర్తు. ఎవరికి ఏ ఫారం అన్నది ట్యాబ్ లాటరీ వెయ్యాలి, పిల్లల ఇష్టానికి వదలకూడదు. రెండు సగాల మధ్య తేడా 10 శాతం పాయింట్లు దాటకపోతే దాని మీద ఏమీ కట్టకండి, అది శాంపిల్ ఊగిసలాటే కావచ్చు.

ఎండాడ కొండ | మంగళవారం, ఉదయం 6.55

అందరూ ఒక్క మాట దాటేస్తున్నారు. కులం. ‘నచ్చడంతే’ వెనకాల చాలాసార్లు ఉండేది అదే. ఎదురుగా కూర్చున్న తెలియని పిల్లాడికి ఎవరు చెబుతారు? పైగా ఫారం మీద పేరు చూడగానే వీడెవరో వాళ్లకి తెలిసిపోతుంది, వాళ్లెవరో వీడికి తెలిసిపోతుంది. దీన్ని పట్టుకునే దారి ఉందా? లేకపోతే ఈ సర్వే అసలు విషయం వదిలేసి చుట్టూ తిరిగినట్టే.

సర్వేపలక | మంగళవారం, ఉదయం 8.40

ఉంది. జాబితా పద్ధతి అంటారు. ‘కింది వాటిలో ఒక అభ్యర్థి విషయంలో మీకు ఇబ్బంది అనిపించేవి ఎన్ని? ఏవో చెప్పొద్దు, ఎన్నో చెప్పండి చాలు’ అని అడుగుతారు. ఒక సగానికి నాలుగు అంశాలు: ఊళ్లో ఉండకపోవడం, పార్టీలు మారడం, వయసు మరీ తక్కువ కావడం, వ్యాపారస్తుడు కావడం. ఇంకో సగానికి ఈ నాలుగూ, ఐదోదిగా ‘మన కులం కాకపోవడం’. ఎవరూ నోరు విడిచి కులం పేరు ఎత్తక్కర్లేదు, అంకె మాత్రమే చెబుతారు. మొదటి సగం సగటు 1.9, రెండో సగం 2.2 వచ్చిందనుకోండి, తేడా 0.3. అంటే సుమారు 30 శాతం మందికి ఆ ఐదోది ఇబ్బందే.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: నాలుగు మామూలు అంశాలూ అందరికీ వర్తించేవైతే, ఐదోది కూడా కలిపి ‘ఐదు’ అనడానికి జంకుతారు, అప్పుడు దాచేది ఏమీ మిగలదు. ఏదీ వర్తించకపోయినా అంతే. అందుకని నాలుగింటిలో రెండు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, ఒకటి నచ్చనివాడికి రెండోది పట్టకూడదు. ‘వయసు మరీ తక్కువ’ ఉంచి, ‘ఊళ్లో ఉండకపోవడం’ తీసి ‘వయసు మరీ ఎక్కువ’ పెట్టుకోవచ్చు. ఇంకోటి, ఈ పద్ధతిలో ఊగిసలాట ఎక్కువ. 400 మందికి 30 శాతం అన్నది నిజంగా 10 కావచ్చు, 50 కావచ్చు. దీని మీద గట్టిగా మాట్లాడాలంటే 1,500 మందైనా ఉండాలి. 400తోనే చేస్తే, ఉందా లేదా అన్నంతవరకే చెప్పండి, ఎంత అన్నది చెప్పకండి.

అసలు మీ 400 మీద కూడా ఒక మాట. మామూలు లెక్కలో 400 మంది సర్వేలో వచ్చిన అంకె అటూ ఇటూ 5 శాతం మారొచ్చు. కానీ మీరు 20 బూత్‌లు తీసుకుని బూత్‌కి 20 మంది చొప్పున వెళ్తారు కదా, ఒకే వీధి మనుషులు ఒకేలా ఆలోచిస్తారు కాబట్టి అది 6 గానీ, ఇంకా ఎక్కువ గానీ కావచ్చు. ఒక అభ్యర్థి నచ్చడన్నవాళ్లు 120 మందే ఉంటే, వాళ్లలో లెక్క కనీసం అటూ ఇటూ 9. ఇది చెప్పకుండా ‘ఇంతమంది పొగరు వల్ల వద్దన్నారు’ అని చార్టు గీస్తే మోసం చేసినట్టే.

జాలారిపేట రేవు | మంగళవారం, ఉదయం 11.20

ఫీల్డ్ సంగతులు చెబుతాను, వీటిని ఆఫీసుల్లో మర్చిపోతారు.

పేరు ఓటరు జాబితా నుంచి తియ్యండి. బూత్‌లో 1,200 మంది ఉంటే 20 మందికి 60కి ఒకరు. 1 నుంచి 60 లోపు ఒక అంకె లాటరీ తీసి, అక్కడి నుంచి ప్రతి అరవయ్యోవాళ్లు. ఆ మనిషి ఇంట్లో లేకపోతే మూడుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లాలి. పక్కింట్లో ఖాళీగా కూర్చున్నవాణ్ణి పట్టుకోకూడదు. ఖాళీగా ఉన్నవాడు ఎక్కువ మాట్లాడతాడు, కారణాలు కూడా ఎక్కువే చెబుతాడు. మీ 97 గడి దానంతటదే చిన్నదైపోతుంది.

రేవు వీధుల్లో మగవాళ్లు దొరికేది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉన్న 61 రోజులు. మిగతా కాలంలో బోట్లు రోజుల తరబడి సముద్రంలోనే. 2024లో పోలింగ్ మే 13న పడింది కాబట్టి మగవాళ్లు చాలామంది ఒడ్డునే ఉన్నారు. అన్నిసార్లూ అలా కుదరదు. ఇంకో కాలంలో సర్వే చేస్తే మీ శాంపిల్‌లో చేపలమ్మే ఆడవాళ్లే మిగులుతారు, వాళ్లు కూడా పొద్దున్న మార్కెట్లో ఉంటారు. మధ్యాహ్నం 2 దాటాక వెళ్లండి.

ఆడవాళ్లని అడగడానికి ఆడపిల్లలనే పంపండి. ఇంటి పెద్ద పక్కన నిలబడితే ఆవిడ ‘ఆయన ఏటంటే అదే’ అంటుంది. దాన్ని 97 అనుకోకండి, అది 99. ‘కొంచెం మంచినీళ్లు ఇస్తావా అమ్మా’ అని అడిగి లోపలికి వెళ్లినా సరే, విడిగా మాట్లాడే వీలు చూసుకోవాలి. అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ దగ్గరే ఆగిపోతారు. ముందు రోజే అసోసియేషన్ వాళ్ల దగ్గర అనుమతి కాగితం తీసుకుని ఆదివారం పొద్దున్న 10, 12 మధ్య వెళ్లండి.

ఫారం ఇరవైయారు | మంగళవారం, సాయంత్రం 5.05

చట్టం వైపు నుంచి కొన్ని మాటలు. ఓటరు కారణం చెప్పాలని ఏ చట్టంలోనూ లేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ ప్రకారం ఎవరికి ఓటేశావో చెప్పమని సాక్షిని కూడా బలవంతపెట్టకూడదు. కాబట్టి ‘చెప్పను’ అన్నవారికి దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. పేరు, ఫోన్ నంబరు ఉన్న కాగితం వేరు, జవాబుల కాగితం వేరుగా ఉంచండి. పోలింగ్ ముగిసే వేళకి ముందు 48 గంటల్లో ఒపీనియన్ పోల్ ఫలితాలు చూపించకూడదు. ఎగ్జిట్ పోల్‌కి 126ఏ సెక్షన్ కింద నిషేధం ఉంది.

గాజువాక గేటు గారి బాధకి నా దగ్గర ఒక మార్గం ఉంది. నచ్చకపోవడం ఒక అనుమానం లాంటిది, దాన్ని పరీక్షించుకోవడానికి ఓటరు చేతిలో కాగితం ఉంది. నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఇచ్చే ఫారం 26 అఫిడవిట్. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఇందులో చూడాల్సినవి: పెండింగ్ కేసులు, వాటిలో అభియోగాలు నమోదయ్యాయా లేదా, ఐదేళ్ల ఆదాయపన్ను లెక్క, భార్య లేక భర్త, ఆధారపడినవాళ్ల ఆస్తులు, ప్రభుత్వానికి కట్టాల్సిన బాకీలు.

ఇది చదవడంలో జనం పొరబడే చోట్లు రెండు. మొదటిది కేసుల సంఖ్య. పది కేసులున్నా అన్నీ ధర్నా కేసులు కావచ్చు, ఒక్కటే ఉన్నా అది హత్య కేసు కావచ్చు. సెక్షన్ చూడాలి. పాత ఐపీసీలో 188 (అధికారి ఆదేశం ధిక్కరించడం), 420 (మోసం), 302 (హత్య) ఇప్పుడు కొత్త చట్టం భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లో వరసగా 223, 318, 103. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలు పాత అంకెలతోనే ఉంటాయి. రెండోది ఆస్తి పెరుగుదల. ఐదేళ్ల కిందటి అఫిడవిట్‌తో పోల్చినప్పుడు మొత్తం చూసి గుండెలు బాదుకోకండి, భీమిలి వైపు నేల ధర పెరిగినా అంకె పెరుగుతుంది. కొత్తగా కొన్న సర్వే నంబర్లు ఎన్ని, వాటికి డబ్బు ఆదాయ లెక్కలో కనిపిస్తోందా అన్నది చూడాలి.

కేసులున్న అభ్యర్థి వాటిని పత్రికల్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి. ఆ మనిషినే ఎందుకు ఎంచుకున్నామో పార్టీ కూడా చెప్పాలి. 2020 ఫిబ్రవరి 13 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం గెలిచే సత్తా ఉండటం ఒక్కటే కారణంగా చూపితే సరిపోదు. కారణం చెప్పాల్సిన బాధ్యత చట్టం దృష్టిలో పార్టీదే, ఓటరుది కాదని అర్థమవుతోంది కదా.

గాజువాక గేటు | మంగళవారం, సాయంత్రం 6.30

ఒప్పుకుంటున్నాను. మరి ఎవరూ నచ్చనివాడు నోటా నొక్కితే ఆ అయిష్టానికి లెక్క ఉందా?

ఫారం ఇరవైయారు | మంగళవారం, సాయంత్రం 7.10

లెక్క ఉంది, ఫలం లేదు. 2013 సెప్టెంబర్ 27 తీర్పు తర్వాత వచ్చింది. ఈవీఎం మీద ఆఖరి బటన్. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు. డిపాజిట్ దక్కించుకోవడానికి కావలసిన ఆరో వంతు లెక్కలో కూడా నోటాని కలపరు. ఫలానావారు గెలవకూడదు అనుకునే ఓటరుకి మైనస్ బటన్ ఏదీ లేదు, ఇంకొకరికి వెయ్యాల్సిందే. కాబట్టి సర్వేలో ‘ఎవరు గెలవాలి?’, ‘ఎవరు గెలవకూడదు?’ రెండూ విడిగా అడగండి. చాలామంది ఓటు రెండో ప్రశ్నలోనే తేలుతుంది.

పూర్ణామార్కెట్ వీధి | మంగళవారం, రాత్రి 9.50

అందరికీ కృతజ్ఞతలు. ‘ఎందుకు’ తీసేశాను. మూడు కోడ్‌లు పెట్టాను. ‘గెలవకూడదు’ ప్రశ్న కలిపాను. జాబితా పద్ధతి ఈసారికి వదిలేస్తున్నాను, 400 చాలదు కాబట్టి. 11వ ప్రశ్న మాత్రం అలాగే ఉంది: ‘మీకు అస్సలు నచ్చనివాడు ఎవరు?’ అందులో ఏమైనా మార్చాలా?

తగరపువలస దారి | మంగళవారం, రాత్రి 10.15

‘నచ్చనివాడు’ వెంటనే మార్చండి. ఏకవచనంలో అడిగితే తిట్టడానికి మీరే గుమ్మం తెరిచినట్టు. ఆ మాట పట్టుకుని ఓటరు కూడా ‘ఆడు’ అని మొదలుపెడతాడు, 12బి దాకా అదే ఊపులో వెళ్లిపోతాడు. ‘నచ్చనివారు’ అనండి. చదివేటప్పుడు ప్రతి పేరుకీ ‘గారు’ ఉండాలి. ఒకరికి పెట్టి ఒకరికి వదిలేస్తే మీ వంపు అక్కడే బయటపడుతుంది. మహిళా అభ్యర్థి ఉంటే అందరూ ‘ఆవిడ’ అనే అనాలి, ఒకరు ‘ఆవిడ’, ఒకరు ‘ఆమె’ అనకుండా చూడండి. ఓటరు తిరిగి ఏ మాట వాడారో అది మాత్రం ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. ‘ఆయన’ అన్నారా, ‘ఆడు’ అన్నారా అన్నది కూడా ఒక జవాబే, దానికి ఫారంలో ఒక చిన్న గడి పెట్టండి.

సర్వేపలక | మంగళవారం, రాత్రి 10.40

మంచి మాట. దాని పక్కనే 12డికి ఖాళీ స్థలం పెంచండి, ట్యాబ్‌లో 50 అక్షరాల పరిమితి ఉంటే తీసేయించండి. ‘ఏం చేస్తే మనసు మారొచ్చు?’ అన్నదానికి అంతసేపూ మాట రాని మనిషి ఒక్కసారిగా మాట్లాడతారు. పిల్లలు అక్కడ కూడా ఐదు లెక్కపెట్టాలి.